పంక్తి ఎక్కడుంది?

కంప్యూటర్‌లో పొడవైన పంక్తి రాస్తే తెర వెడల్పు చాలక అది మడతపడి రెండు మూడు వరుసలుగా కనిపిస్తుంది. అప్పుడు కింది బాణం మీట నొక్కితే కర్సర్ ఎక్కడికి పోవాలి? కంటికి కనిపిస్తున్న కింది వరుసకా, ఫైలులోని తరువాతి పంక్తికా? విమ్ ఎడిటర్ మడతలన్నీ దాటి తరువాతి పంక్తికి దూకుతుంది. కనిపించే వరుసకు దిగడానికి వేరే ఆదేశం ఉంది. 2009లో వచ్చిన మరో ఎడిటర్ ఈమాక్స్ 23 మాత్రం కనిపించే వరుస వెంటే నడవడం మొదలుపెట్టింది. చూపుకు చిన్న చిక్కే అయినా, దీని అడుగున ఉన్నది పాత ప్రశ్న: కనిపించేది నిజమా, దాని వెనకున్నది నిజమా? మాచర్ల దాపునున్న నాగార్జునకొండకు సంప్రదాయం ఏ ఆచార్యుని పేరు ముడిపెట్టిందో, ఆయన చెప్పిన జవాబే ఇక్కడా నిలుస్తుందని నా వాదన.

ఫైలు పంక్తే నిజం, తెరమీది వరుస భ్రమ అనే వాదానికి బలం లేకపోలేదు. కిటికీ వెడల్పు మారిస్తే వరుసలు మారతాయి, ఫైలులో ఒక్క అక్షరమైనా మారదు. వరుసలను నమ్మి తయారుచేసిన మాక్రో (మీటల వరసను దాచుకుని తిరిగి నడిపే ఆదేశం), వెడల్పు మారగానే తప్పుతుంది. మడత దగ్గర రెండక్షరాల నడుమ ఉన్న ఒకే స్థానాన్ని పై వరుస చివరా చూపవచ్చు, కింది వరుస మొదటా చూపవచ్చు. కానీ ఫైలు పంక్తి మాత్రం తనంత తాను నిలిచిందా? ఫైలు అక్షరాల ఏకధార. యూనిక్స్‌లో ఒక గుర్తును, విండోస్‌లో రెండు గుర్తుల జంటను పంక్తి ముగింపుగా ఒప్పుకున్నాం గనుకే అక్కడ పంక్తి ముగుస్తోంది. పద్యపాదం సంగతీ ఇంతే. పల్నాటి వీరచరిత్ర కావ్యం మంజరీ ద్విపద. తాటాకు మీద లేఖకుడు పాదానికో వరుస ఇవ్వకుండా ఆకు నిండా రాసుకుపోయేవాడు. అచ్చులో పాదాలు ఒకదాని కింద ఒకటి నిలిచాయి. కారంపూడిలో వీరవిద్యావంతులు పాడితే వరుసే లేదు, పాదం మాత్రం వినిపిస్తుంది. ఆ పాదం కూడా గణాలనూ వినే చెవినీ ఆశ్రయించినదే.

మొదట చెప్పిన ఆచార్యుడు నాగార్జునుడు. ఆయన మూలమధ్యమకకారిక 24వ ప్రకరణంలో వ్యవహార సత్యం, పరమార్థ సత్యం అని రెండింటిని చెప్పాడు. ఇతరాలను ఆశ్రయించి పుట్టినదానికి తనంత తానుగా నిలిచే స్వభావం లేదు. అంతమాత్రాన అది లేనిదీ కాదు. అన్నీ వ్యవహారమే అయితే ఎవరిష్టం వారిదేనా అని ఆక్షేపించవచ్చు. కాదు. అదే వెడల్పు, అదే ఫాంటు ఉంటే మడత ప్రతిసారీ అక్కడే పడుతుంది. ఆశ్రయానికి నియమం ఉంది గనుకే మాక్రో ఎందుకు తప్పిందో చెప్పగలుగుతున్నాం. అన్నిటి అడుగున మారని ఆధారం ఒకటి ఉండాలి, అవి బైట్లు అని అద్వైతి పక్షాన ఎవరైనా అనవచ్చు. అయితే యూటీఎఫ్-8లో తెలుగు అక్షర సంకేతం ఒక్కోదానికి మూడు బైట్లు. అవే బైట్లను మరో సంకేత పద్ధతిలో చదివితే అర్థంలేని గుర్తులవుతాయి. అక్కడ కూడా చదివే పద్ధతిని ఆశ్రయించకుండా అక్షరం లేదు.

కాబట్టి దోషం వరుసలోనూ లేదు, పంక్తిలోనూ లేదు. ఒకదాని వెంట నడుస్తూ రెండోదాని వెంట నడుస్తున్నామనుకోవడంలో ఉంది. చదివేవారికి వరుస కావాలి, సవరించేవారికి పంక్తి కావాలి. మంచి సాధనం రెండు దారులూ ఇచ్చి, ఇప్పుడు ఏ దారిలో ఉన్నామో చెప్పాలి. మతం విషయంలోనూ ఇంతే. ఆచారం ఏర్పాటు మాత్రమేనని తోసిపుచ్చేవారూ, అదే పరమార్థమని పట్టుకు వేలాడేవారూ ఒకే పొరపాటు చేస్తున్నారు. వ్యవహారాన్ని వ్యవహారంగా ఎరిగి శ్రద్ధగా పాటించడమే పరమార్థానికి దారి.