చిగురు త్రుంచుట హింసయా?

విశాఖ ఉక్కునగరపు క్వార్టర్ల వసారాలలో, కుండీలయందు పెరుగు కోలియస్ మొక్క కొనచిగురును ఒక ఆకుల జంటకు పైభాగమున గోటితో గిల్లువేళ, వృక్షములకును అంతస్సంజ్ఞ కలదని మనుస్మృతి చెప్పియుండగా ఇది హింస కాదా యను సందేహము నాకు కలుగుచుండును. అయితే కొననుండి దిగువకు ప్రసరించి ప్రక్కమొగ్గల నణచియుంచు ఆక్సిన్ అను ద్రవ్యము తగ్గినంతనే, ఆ జంటాకుల మొదళ్లనుండి రెండు కొమ్మలు వెలువడి మొక్క గుబురగును. త్రుంచిన తునకయు నీటిలో వేళ్లు తొడిగి వేఱొక మొక్కయై బ్రదుకును. ఆకుల వన్నె చెడకుండుటకై నీలిపూల కంకులను పుట్టుచుండగనే తీసివేయుట మాత్రము నాకు కష్టముగా తోచును: అది తేనెటీగ నోటి కూడు. మొక్క మేలుకొఱకైన కోత పాపము కాదు. కనులవేడుకకైన కోతకు మితి యుండవలెను. సముద్రపుగాలికి విరుగకుండ పొట్టిగానే పెంచుడు. ఒక్క కొమ్మనైనను పూయనిండు.