బాగా ఎంచుకోవడం వేరు, గెలవడం వేరు

ఫాంటసీ ప్రీమియర్ లీగ్‌లో 100 మిలియన్ పౌండ్ల ఉత్తుత్తి డబ్బుతో 15 మంది ఫుట్‌బాల్ ఆటగాళ్ళని కొనాలి. ఒక క్లబ్బు నుంచి ముగ్గురికి మించకూడదు. కెప్టెన్‌కి రెట్టింపు పాయింట్లు. వారంలో మొదటి మ్యాచ్‌కి గంటన్నర ముందు గడువు ముగుస్తుంది. ఈలోపు చూసుకోడానికి బోలెడు సరంజామా ఉంది: గాయాల వార్తలు, ఏ జట్టుకి ఎంత కష్టమైన మ్యాచో రంగుల్లో చూపించే పట్టికలు, ఎవరికెన్ని పాయింట్లొస్తాయో చెప్పే మోడళ్ళు. ఇవన్నీ చూసి పెట్టిన కెప్టెన్ పెనాల్టీని బయటికి కొడతాడు. "తప్పు ఎంచుకున్నా" అనుకుంటాం. నిజంగా తప్పేనా?

ఈ మోడళ్ళకి ఆధారం ఎక్స్‌పెక్టెడ్ గోల్స్ అనే లెక్క. షాట్ కొట్టిన చోటు, కోణం చూసి, అలాంటి పాత షాట్లలో ఎన్ని గోలయ్యాయో చెబుతుంది. పెనాల్టీకి అది సుమారు ముప్పావు. అంటే నాలుగింట ఒకటి పోతుందని లెక్కే ముందుగా చెప్పింది. కానీ తెర మీద 6.4 అని ఒక్క అంకె కనబడితే, అది సగటని మర్చిపోయి హామీ అనుకుంటాం.

ఎంపికలో నైపుణ్యమెంత, అదృష్టమెంత అన్న ప్రశ్న మన కోర్టులకీ ఎక్కింది. 1967లో సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు కేసులో సుప్రీంకోర్టు రమ్మీ ప్రధానంగా నైపుణ్యపు ఆటేనంది: పడిన ముక్కలు గుర్తుండాలి, ఏది ఉంచాలో ఏది పారేయాలో తెలియాలి. మూడు ముక్కలాటని అదృష్టం కింద వేసింది. 2017లో పంజాబ్-హర్యానా హైకోర్టు డ్రీమ్11ని నైపుణ్యం వైపే ఉంచింది. డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటల్ని 2020లో ఆంధ్రప్రదేశ్, 2025లో పార్లమెంటు నిషేధించేదాకా ఆ ఒక్క మాట ఈ వ్యాపారానికి గొడుగు పట్టింది. ఆ మాటకి ఇంకో అర్థం కూడా ఉంది. ఆట నైపుణ్యానిదైతే ఓడినవాడు చేతకానివాడు. డబ్బు పోగొట్టుకున్న కుర్రాడు తననే తిట్టుకుని ఇంకో టూల్‌కి చందా కడతాడు.

అనంతపురంలో ఈ తర్కం చెల్లదు. పడమటి కనుమల వానచాటు నేల అది, ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన. ఆ 550 కూడా ఇందాకటి 6.4 లాంటిదే, ఎప్పుడు పడుతుందో చెప్పదు. పదునులో శెనక్కాయ విత్తి, వేళకి కలుపు తీసిన రైతుకి ఊడలు దిగే వేళ మూడు వారాలు చినుకు లేకపోతే పంట పోతుంది. పక్కూళ్ళో అంతంతమాత్రంగా చేసినవాడికి ఒక్క వానతో కాయ నిండొచ్చు. అంతమాత్రాన మొదటివాడికి సేద్యం రాదని ఎవరూ అనరు. వాతావరణ ఆధారిత పంటల బీమా కూడా అతని పనితనాన్ని అడగదు, వర్షమాపకాన్ని అడుగుతుంది. మాపకం దగ్గర పడిన వాన చేలో పడకపోవచ్చు, అది వేరే గొడవ. కానీ అదృష్టానికంటూ లెక్కలో ఒక గడి పెట్టారు.

రైతు విత్తక తప్పదు, ఆటగాడు ఆడకపోయినా గడుస్తుంది కదా, ఈ పోలికేంటి అనొచ్చు. నిజమే. పోలిక ఒక్క చోటే: సగటు నిజమవ్వాలంటే చాలాసార్లు ఆడాలి. ఎంపికలో నైపుణ్యం ఉంది, కానీ అది బయటపడడానికి వారాలు పడుతుంది. ఉచితంగా ఆడే ప్రీమియర్ లీగ్‌లో 38 వారాలు దొరుకుతాయి. డబ్బు పెట్టేవాడికి జేబు ఖాళీ అయ్యేదాకానే. రైతుకి అప్పు పుట్టినన్నాళ్ళే. కాబట్టి నైపుణ్యమా, అదృష్టమా అని తేల్చాక కూడా ఒక ప్రశ్న మిగులుతుంది: ఓడిపోతూ కూడా ఇంకెన్నిసార్లు ఆడగలడు?

ఇక్కడ బాధ్యత టూల్స్ రాసేవాళ్ళది కూడా. సగటు లెక్కగట్టే చాలా మోడళ్ళు ఫలితం ఎంత అటూ ఇటూ ఊగుతుందో కూడా చెప్పగలవు. 6.4 బదులు "1 నుంచి 15 దాకా ఏదైనా కావొచ్చు" అని చూపించడం పెద్ద పనేం కాదు. అలా చూపిస్తే చందాలు తగ్గొచ్చు. కానీ పెనాల్టీ బయటికి పోయిన రాత్రి తనని తాను తిట్టుకునేవాళ్ళు కూడా కొంత తగ్గుతారు.