తెలియదంటే తప్పు పోతుందా?



పట్నంలో పదిహేనేళ్లో ఇరవయ్యేళ్లో తిరిగిన కార్లు చేతులు మారి మన గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతాలకు చేరుతుంటాయి. వాటిలో ఒక పాత స్పోర్ట్స్ కారు ఉందనుకుందాం. రెండే తలుపులు, నేలను తాకుతున్నట్టుండే బాడీ, కొత్తగా వేయించిన రంగు. నడిపే యువకుణ్ణి అడిగితే “బండి బ్రహ్మాండంగా ఉంది” అంటాడు. అతడు అబద్ధమాడటం లేదు. అతనికి నిజంగానే అలా అనిపిస్తోంది. కాని కింద సస్పెన్షన్ అరిగిపోయింది. రేపు దానివల్ల ఎవరికైనా హాని జరిగితే, “నాకు తెలియదు” అన్న మాట అతణ్ణి నిర్దోషిని చేస్తుందా? ఈ వారం ఈ ప్రశ్నను ఆలోచిద్దాం.

ముందు సస్పెన్షన్ చేసే పనేమిటో చూద్దాం. మన పాత ఎడ్లబండికి ఇది లేదు. దారిలో ప్రతి రాయి కూర్చున్నవాడి నడుముకు తెలిసేది. లారీకి కమాన్ కట్టలు, కారుకు చుట్టల స్ప్రింగులు వచ్చాక ఆ దెబ్బ తగ్గింది. అయితే స్ప్రింగు దెబ్బను ఎంత మింగుతుందో అంత తిరిగి కక్కుతుంది. అదొక్కటే ఉంటే గుంత దాటాక కూడా బండి ఊగుతూనే ఉంటుంది. ఆ ఊపును ఆపేది షాక్ అబ్జార్బరు. అందులోని ఆయిలు సన్నని రంధ్రాలగుండా పోతూ, ఊపులోని శక్తిని వేడిగా మార్చి పోగొడుతుంది. ఇనుప భాగాలు కలిసేచోట రబ్బరు బుష్‌లు ఉంటాయి.

ఇదంతా ప్రయాణ సుఖం కోసమే అని చాలామంది అనుకుంటారు. సుఖం ఒక్కటే కాదు, టైరును నేలకు అంటిపెట్టి ఉంచడం దాని ముఖ్యమైన పని. టైరు నేలను వదిలిన క్షణంలో బ్రేకు గాని స్టీరింగు గాని ఏమీ చేయలేవు. షాక్ అబ్జార్బర్లు పోయిన బండి గతుకుల రోడ్డు మీద ఆగడానికి ఎక్కువ దూరం తీసుకుంటుంది. మన్ననూరు మీదుగా శ్రీశైలం ఘాట్‌కు వెళ్లినవారికి, మలుపు దగ్గర నాలుగడుగుల తేడా అంటే ఏమిటో చెప్పనక్కరలేదు. వేగం కోసమే తయారైన కారులో ఈ అరుగుదల మరింత ప్రమాదం.

టైరు పంక్చరైతే వెంటనే తెలుస్తుంది. సస్పెన్షన్ అలా కాదు. అది రోజుకు కొంచెం అరుగుతుంది, నడిపేవాడి చేతులు రోజుకు కొంచెం సర్దుకుంటాయి. ఏడాది తర్వాత కొత్తగా ఎక్కిన బంధువు “ఏమిటి, బండి పడవలా ఊగుతోంది?” అంటే, సొంతదారుకు ఆశ్చర్యం వేస్తుంది. షెడ్డులో ఉంచితే అరగదనుకోవడం కూడా పొరపాటే. రబ్బరు వాడకపోయినా కాలంతోపాటు గట్టిపడి పగుళ్లిస్తుంది.

కాబట్టి అతనికి తెలియకపోవడం నిజమే. కాని ఆ తెలియనితనం ఎక్కడినుండి వచ్చింది? గ్రీకు తత్త్వవేత్త అరిస్టాటిలు తన నీతిశాస్త్రంలో ఈ విషయం చర్చించాడు. తాగిన మత్తులో తప్పు చేసినవాడికి తన కాలంలో రెట్టింపు శిక్ష ఉండేదని చెబుతాడు. ఎందుకంటే తాగకుండా ఉండటం అతని చేతిలోనే ఉంది. అజాగ్రత్త వల్ల తెలియనివాడి సంగతీ అంతే అంటాడు. తెలుసుకోవడం అతనికి సాధ్యమే, అతడే పట్టించుకోలేదు. తెలుసుకునే వీలే లేనివాడు వేరు, వీలుండీ చూడనివాడు వేరు. మొదటివాణ్ణి క్షమిస్తాం, రెండవవాణ్ణి ప్రశ్నిస్తాం.

“అయితే అందరం మెకానిక్కులం కావాలా?” అని మీరు అడగవచ్చు. అక్కరలేదు. ఎవరి శక్తికి తగ్గ జాగ్రత్త వారిది. కారు ఒక మూలను చేతులతో బలంగా నొక్కి వదలండి. ఒకసారి లేచి నిలబడాలి. మళ్లీ మళ్లీ ఊగితే షాక్ అబ్జార్బరు పోయినట్టు అనుమానించాలి. అయితే నిలబడినంత మాత్రాన అంతా బాగున్నట్టు కాదు. దాని ఒంటిమీద ఆయిలు కారిన మరక ఉందేమో, టైరు ఒకవైపే గాని మచ్చలు మచ్చలుగా గాని అరిగిందేమో, స్పీడ్ బ్రేకరు దాటేటప్పుడు కింద కటకట వినిపిస్తోందేమో చూడండి. వీటికి పైసా ఖర్చు లేదు. అనుమానం వస్తే మెకానిక్కుకు చూపించండి. మార్చవలసివస్తే కుడి ఎడమ రెండూ కలిపి మార్చాలి, ఆపైన వీల్ అలైన్‌మెంట్ చూపించుకోవాలి.

చేతిలో డబ్బు లేని ఇల్లు ఏం చేయాలి? మరమ్మతు అయ్యేదాకా వేగం తగ్గించవచ్చు, ఎక్కువమందిని ఎక్కించకుండా ఉండవచ్చు, ఘాట్ ప్రయాణం మానుకోవచ్చు. మరీ పాడైందని మెకానిక్కు చెబితే బండిని బయటకు తీయకూడదు. పేదరికం పనిని వాయిదా వేయడానికి కారణం కావచ్చు. చూడకుండా కళ్లు మూసుకోవడానికి కారణం కాలేదు.

ఇక అమ్మకం మాట. పెబ్బేరు సంతలో ఎద్దును కొనేవాడు పళ్లు చూస్తాడు, నడిపించి చూస్తాడు. చూసుకోవడం కొనేవాడి వంతు అని లోకం అంటుంది. 13వ శతాబ్దంలో పునీత అక్వినాసు తోమాసుగారు తన ‘సుమ్మా’ గ్రంథంలో సరిగ్గా ఈ ప్రశ్నే వేసుకున్నారు. గుర్రానికి ఒక కన్ను లేకపోతే అది ఎవరికైనా కనిపిస్తుంది. ధర న్యాయంగా తగ్గించి అమ్మితే చాలు, నోటితో చెప్పనక్కరలేదు. కాని కుంటి గుర్రాన్ని చురుకైన గుర్రంగా, కూలబోయే ఇంటిని గట్టి ఇల్లుగా అమ్మితే కొన్నవాడికి నష్టమో ప్రమాదమో కలుగుతుంది. దాగి ఉన్న అలాంటి లోపాన్ని చెప్పి తీరాలి. తెలియక అమ్మినవాడు పాపం చేయలేదు, కాని తెలిసిన తర్వాత నష్టం పూడ్చాలి అని కూడా ఆయన రాశారు.

ఈ కొలత మన కారుకు సరిపోతుంది. వెలిసిన రంగు, చిరిగిన సీటు గుడ్డి కన్ను వంటివి. అరిగిన బాల్ జాయింటు, చచ్చిన షాక్ అబ్జార్బరు కుంటి కాలు వంటివి. పైన కొత్త రంగు వేస్తే ఆ కుంటితనం ఇంకా బాగా దాగుతుంది. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు చెల్లుతుంది, తర్వాత ఐదేళ్ల చొప్పున పొడిగించుకోవాలి. ఆ కాగితం తనిఖీ జరిగిన రోజు సంగతే చెబుతుంది. ఆ తర్వాత మనకు తెలిసినది కొనేవాడికి చెప్పే బాధ్యత మనదే.

అలవాటు పడటం ఒక్క బండితోనే ఆగదు. ఇంట్లో మాట తీరు ఎంత కరుకైందో కాపురమున్నవారికంటే వచ్చిన చుట్టానికి ముందు తెలుస్తుంది. ఆ చుట్టం మాటను నవ్వి కొట్టిపారేస్తే, తెలుసుకునే అవకాశాన్ని మనమే వదులుకున్నట్టు. అప్పటినుండి “నాకు తెలియదు” అనే హక్కు మనకు ఉండదు.

కాబట్టి మీ బండి ఎక్కినవారు ఊగుతోందని అంటే దిగి చూడండి. అమ్మేటప్పుడు “షాక్ అబ్జార్బర్లు పోయాయి, మార్చుకోవాలి” అని బేరానికి ముందే చెప్పండి. ధర కొన్ని వేలు తగ్గవచ్చు. కొన్నవాడు తన పిల్లల్ని అదే బండిలో కూర్చోబెట్టుకుంటాడు.