తెట్టులో ముందు ఎవరి చెయ్యి?

సముద్రంలో చమురు ఒలికి ఒడ్డుకు కొట్టుకొచ్చినప్పుడు దాన్ని ఎత్తిపోయడానికి ముందు ఎవరి చెయ్యి దిగాలి? ఆజ్ఞకు కట్టుబడి వచ్చే సైనికుడిదా, ఆ ఒడ్డునే పుట్టి ఆ నీళ్ళ మీదే బతికే జాలరిదా? ఇది ప్రభుత్వ శాఖలు తేల్చుకోవలసిన సంగతని చాలామంది అంటారు. గీత చదివేవాళ్ళందరూ తేల్చుకోవలసిన సంగతని నేనంటాను. ఇందులో ఒకవైపు నిష్కామ కర్మ, ఇంకోవైపు మమకారం ఎదురెదురుగా నిలబడి ఉన్నాయి.

మేముండేది చెన్నైకి ఉత్తరాన తిరువొత్తియూరులో. నెల్లూరు నుంచి కోడలిగా వచ్చి, ఇక్కడే తెలుగు టీచరుగా పనిచేసి రిటైరయ్యాను. త్యాగరాజస్వామి ఈ ఊరికి వచ్చి త్రిపురసుందరి మీద తెలుగులో కీర్తనలు కట్టారు కాబట్టి ఇది మాకు పరాయి ఊరని ఎన్నడూ అనిపించలేదు. శనివారం సాయంత్రాలు మా మిద్దె మీద కొద్దిమందిమి కూర్చుని గీత చదువుకుంటాం. అందులో ఒకాయన సైన్యంలో సుబేదారుగా చేసి వచ్చినవారు. ఈ ప్రశ్న మా మధ్య లేచింది ఆయన వల్లే.

"టీచరమ్మా, తన బిడ్డకు తనే ఆపరేషన్ చేసే డాక్టరుంటాడా? చెయ్యి వణుకుతుంది. అందుకే ఇలాంటి పని మాకు అప్పగించాలి. మాకు ఆ ఒడ్డు మీద ఆశా లేదు, కోపమూ లేదు. చెప్పింది చేస్తాం, వెళ్ళిపోతాం. గీత చెప్పేది కూడా అదేగా" అన్నారు.

ఆయన మాటలో బలముంది. మమకారం, అహంకారం విడిచినవాడికే శాంతి అని రెండో అధ్యాయం చెబుతుంది. అర్జునుడికి పట్టిన జబ్బు కూడా "నావాళ్ళు" అన్న ఆలోచనే. అయినా నేను ఒప్పుకోలేకపోయాను. మా ఒడ్డు మీద నేను చూసింది నన్ను ఒప్పుకోనివ్వలేదు.

2017 జనవరి 28 తెల్లవారుజామున ఎన్నూరు కామరాజర్ రేవు బయట రెండు ఓడలు గుద్దుకున్నాయి. ఒకటి గ్యాసు దించేసి వెళ్ళిపోతున్న బీడబ్ల్యూ మేపుల్, రెండోది పెట్రోలియం సరుకుతో లోపలికి వస్తున్న డాన్ కాంచీపురం. ఒలికింది పెద్దగా ఏమీ లేదన్నారు మొదట. తరువాత ఆ లెక్క 200 టన్నులకు దగ్గరగా వెళ్ళింది. ఓడల ఇంజన్లలో మండించే చిక్కటి నూనె అది. జనవరిలో మా దగ్గర ఒడ్డు వెంబడి నీరు దక్షిణానికి పారుతుంది. ఆ నీటితో పాటు నూనె తెట్టు ఎర్ణావూరు, తిరువొత్తియూరు మీదుగా మెరీనా దాటి పోయింది. ఎక్కువ భాగం మాత్రం ఎర్ణావూరు దగ్గర కోతను ఆపడానికి వేసిన రాళ్ళ కట్టల సందుల్లో చేరి గట్టిపడింది. గుడ్లు పెట్టడానికి తాబేళ్ళు ఒడ్డుకు వచ్చే కాలం కూడా అదే.

ఆ కంపు మా వీధి దాకా వచ్చింది. డ్రైనేజీ పూడిక లాగే లారీలు తెచ్చి గొట్టాలు దింపారు. బురదలా తయారైన ఆ నూనెను అవి పీల్చలేకపోయాయి. ఇక బకెట్లే దిక్కయ్యాయి. కోస్ట్ గార్డు జవాన్లు, ఫైర్ సర్వీసు వాళ్ళు, కాలేజీ పిల్లలు, కుప్పాల (ఇక్కడ జాలరి పల్లెల్ని అలా అంటారు) మగవాళ్ళు రాళ్ళ మీద వరుసగా నిలబడి ఆ నల్లటి ముద్దను చేతి నుంచి చేతికి అందించుకున్నారు. కోస్ట్ గార్డు మన రక్షణ శాఖ కిందిదే. 1996 నాటి జాతీయ ప్రణాళిక ప్రకారం సముద్రం మీద చమురు ఒలికితే ముందుండి నడిపించవలసింది వాళ్ళే. నీటి మీద తేలే నూనెకు అడ్డు కట్టడానికి, తోడడానికి వాళ్ళ దగ్గర సామగ్రి ఉంది. అది రాళ్ళ సందుల్లోకి చేరాక ఆ సామగ్రికి చేసేదేమీ ఉండదు. అక్కడ కావలసింది చెయ్యి, దానితో పాటు ఆ రాళ్ళ సంగతి తెలిసిన బుర్ర.

నా దగ్గర చదువుకున్న ఒకతను ఆ వరుసలో ఉన్నాడు. నలభై దాటినా నా కంటికి కుర్రాడే. ఇసుక వెడల్పుగా ఉన్నచోట ఒక అధికారి మనుషుల్ని నిలబెడుతుంటే, "సార్, రాత్రి నీరు తిరిగాక ఇదంతా ఆ మూలకు పోతుంది, అక్కడ మొదలుపెడదాం" అని చెప్పాడట. తెట్టు పోయింది ఆ మూలకే. అతను సముద్రశాస్త్రం చదవలేదు. దక్షిణం నుంచి వచ్చే నీటికి ఒక పేరు, ఉత్తరం నుంచి వచ్చే నీటికి ఒక పేరు పెట్టుకున్న తాతల దగ్గర నేర్చాడు. అక్కడ మనుషుల్ని నిలబెట్టినాయన్ను నేను తప్పుపట్టను, ఆయనకు అది కొత్త ఊరు. నేను పట్టుకున్నది ఒక్కటే: కుర్రాడికి ఆ జ్ఞానం ఇచ్చింది మమకారం. "నాది" అనుకున్నాడు కాబట్టే దాన్ని అన్నేళ్ళు కనిపెట్టి చూశాడు. దానివల్ల అతని చెయ్యి వణకలేదు, ఎక్కడ పెట్టాలో తెలుసుకుంది.

అదే ఒడ్డున పట్టినత్తార్ సమాధి ఉంది. కావేరిపూంపట్టణంలో సముద్రవ్యాపారం చేసి, సంపదంతా వదిలేసి కౌపీనంతో తిరిగిన సన్యాసి ఆయన. తమిళ దేశంలో వైరాగ్యానికి ఆయన పేరే చెబుతారు. అంతటివాడు కూడా తల్లి పోయినప్పుడు వచ్చి, పచ్చి అరటిబొందెలు పేర్చి తన చేతులతోనే చితి ముట్టించాడని కథ. అన్నీ విడిచినవాడు ఆ ఒక్క పనిని ఇంకొకరి చేతిలో పెట్టలేదు. ఈ కథ చెబితే సుబేదారు గారు చాలాసేపు ఆలోచించి, "అది కొడుకు ధర్మం, టీచరమ్మా. మేం చేసేది ఉద్యోగధర్మం" అన్నారు. సరిగ్గానే చెప్పారు. ఏ ధర్మం ఏ పనికి తగినదన్నదే నా ప్రశ్న.

ఉద్యోగధర్మం ఒక్కటే ఒడ్డుకు దిగితే ఏమవుతుందో ఒక ఉదాహరణ చెబుతాను. 1967 మార్చి 18న ఇంగ్లండు నైరుతి కొసన టోరీ కాన్యన్ అనే ఓడ సెవెన్ స్టోన్స్ రాళ్ళకు తగులుకుంది. అందులో లక్షా ఇరవై వేల టన్నుల దాకా కువైట్ ముడిచమురుంది. విమానాలు వచ్చి ఓడ మీద బాంబులు, నాపామ్ వేసి నూనెను తగలబెట్టాలని చూశాయి. కార్న్‌వాల్ ఒడ్డుల్లో సైనికులు పదివేల టన్నుల డిటర్జెంటు పోశారు. ఆ కాలపు డిటర్జెంటు నూనెకంటే విషం. రాళ్ళకు అతుక్కుని పాచి మేసే లింపెట్లనే చిన్న నత్తజాతి జీవులు దానివల్ల గుట్టలుగా చచ్చాయి. మేసేవి లేక రాళ్ళన్నీ పచ్చటి నాచుతో కప్పబడ్డాయి. ఆ మందు పోసిన రాళ్ళు మామూలు స్థితికి రావడానికి పదేళ్ళు పైనే పట్టింది. గాడ్రెవీ అనే కొమ్ము దగ్గర సీల్ జంతువులున్నాయని మందు పోయలేదు. అక్కడి రాళ్ళు రెండు మూడేళ్ళలోనే కోలుకున్నాయి.

ఆ సైనికులు చెడ్డవాళ్ళు కారు. నిర్ణయం వాళ్ళది కాదు, పైనుంచి వచ్చింది. పర్యాటకుల సీజనుకు ఇసుక తెల్లగా కనపడాలన్న తొందర కూడా ఉంది. సుబేదారు గారు చెప్పినట్టే ఆశ లేకుండా, కోపం లేకుండా చెప్పింది చేశారు. ఒడ్డంటే ఇసుక మాత్రమే అనుకున్న ఆజ్ఞను అంత శ్రద్ధగానూ అమలుచేశారు. ఫలం మీద ఆసక్తి విడవమన్న గీత, ఏం చేస్తున్నామో చూడవద్దని ఎక్కడా చెప్పలేదు. ఏది కర్మ, ఏది వికర్మ అని విడదీసి తెలుసుకోమంటుంది నాలుగో అధ్యాయం. నిష్కామానికి ముందు ఆ తెలివి ఉండాలి. ఒడ్డు విషయంలో ఆ తెలివి కుప్పంలో ఉంది.

ఇంతవరకు వాదన నాకు సులువుగానే వచ్చింది. ఇక్కడే అసలు కష్టం ఎదురైంది.

2002 నవంబరులో స్పెయిన్ దేశపు గలీషియా తీరానికి ఎదురుగా ప్రెస్టీజ్ అనే ఓడ 77,000 టన్నుల చిక్కటి నూనెతో విరిగి మునిగింది. ఆలిచిప్పల సాగుతో బతికే అరౌసా వంటి సముద్రపు పాయల్లోకి తెట్టు రాకుండా చూసింది ముఖ్యంగా అక్కడి జాలర్లే. సైన్యం కోసం చూస్తూ కూర్చోకుండా సొంత పడవలు వేసుకుని ఎదురువెళ్ళి, పారలతో, ఇంట్లో చేసుకున్న జల్లెళ్ళతో, వట్టి చేతులతో ఆ నూనెను తోడారు. మమకారానికి ఇంతకంటే గొప్ప సాక్ష్యం నాకు తెలియదు. ఆ జాలర్లను తరువాత డాక్టర్లు పరీక్షించారు. ఏడాది దాటాక కూడా చాలామందికి దగ్గు, ఆయాసం వదల్లేదు. క్రోమోజోముల్లో కూడా దెబ్బ కనిపించింది. 2007లో చమురు ఒలికినప్పుడు కొరియాలోని తెయాన్ తీరాన్ని పదిలక్షలకు పైగా జనం వచ్చి చేతులతో తుడిచారు. ఎక్కువ రోజులు తుడిచినవాళ్ళకే జబ్బు ఎక్కువని అక్కడా తేలింది.

ఎర్ణావూరులో మా కుర్రాడు సాయంత్రం చేతులు కిరసనాయిలుతో రుద్దుకుని, పైన కొబ్బరినూనె రాసుకునేవాడు. వాడి భార్య వాకిట్లోనే చొక్కా విప్పించేది. "తలనొప్పి, అమ్మా, ఇంకేం లేదు" అనేవాడు నాతో.

2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను మా నెత్తిన కుండపోత పోసి వెళ్ళి బాపట్ల దగ్గర తీరం దాటింది. ఆ వరదలో చమురు శుద్ధి కర్మాగారమున్న మణలి వైపు నుంచి చమురు బకింగ్‌హామ్ కాలువ మీదుగా ఎన్నూరు ఏటి ముఖానికి వచ్చింది. మన నగరి ఏటి నీళ్ళు కలుపుకుని వచ్చే కుశస్థలి నది సముద్రంలో కలిసే చోటు అది. గూడకొంగల రెక్కలు నల్లబడ్డాయి. వేట ఆగిపోయింది. చివరికి జాలర్లే కూలికి పడవల్లో కూర్చుని మగ్గులతో నూనె తోడారు. ఎవరి వల ఆ నూనెలో పాడైందో వాడికే దాన్ని తోడే కూలి దొరికింది. ధర్మశాస్త్రాల్లో ప్రాయశ్చిత్తం పాపం చేసినవాడు చేసుకోవాలి. ఇక్కడ ఆ ప్రాయశ్చిత్తపు కష్టం దెబ్బతిన్నవాడి ఒంటికి అంటింది, చేసినవాడు దాని వెల మాత్రం కట్టాడు. ఆ కూలి వద్దని చెప్పే హక్కు నాకు లేదు, ఆ వారం వాళ్ళ ఇంట్లో పొయ్యి వెలిగింది దానితోనే. కానీ అది న్యాయమని ఎవరైనా అంటే ఒప్పుకోను.

కాబట్టి సుబేదారు గారికి నేను చెప్పింది ఇది. ఇప్పుడు యూనిఫారం ఆజ్ఞ ఇస్తోంది, జాలరి ఒళ్ళు ఇస్తున్నాడు. దీన్ని తిరగేయాలి. మాస్కు, బూట్లు, గ్లవ్స్, వైద్యం, పెన్షన్ అన్నీ ఉన్న ఒళ్ళు విషంలోకి దిగాలి. ఎక్కడ దిగాలో, ఏ మందు పోయకూడదో, ఏ రాయిని ముట్టకూడదో కుప్పం చెప్పాలి. ఆ మాటకు వెల కట్టి ఇవ్వాలి, తోడినందుకు ఇచ్చే కూలి కింద జమకట్టకూడదు. ఊరి పంచాయతీ పెద్దలు, చేపలమ్మే ఆడవాళ్ళు నూనె రాకముందే ఆ ప్రణాళిక రాసే గదిలో కూర్చోవాలి.

"సైనికుడు ర్యాంకు చూసి ఆజ్ఞ తీసుకుంటాడు, టీచరమ్మా. లుంగీ కట్టినవాడు చెబితే వింటాడా?" అన్నారాయన.

"అర్జునుడు ఎవరి దగ్గర విన్నాడు? ఆ రోజు కృష్ణుడి చేతిలో ఉన్నవి పగ్గాలేగా" అన్నాను.

దానికి ఆయన తల ఊపారు కానీ వదల్లేదు. ఒడ్డు మీద మమకారమంతా ఆ నేల గురించే ఉంటుందన్న నమ్మకం ఏమిటి, ఈ కుప్పానికీ ఆ కుప్పానికీ సరిహద్దు తగాదా వస్తే తెట్టును పక్కవాడి వైపు తోసేయరా అని అడిగారు. మంచి ప్రశ్నే. అలాంటప్పుడు రెండు ఊళ్ళకూ చెందని యూనిఫారం మధ్యలో నిలబడటం అవసరమే అని ఒప్పుకున్నాను. ఏ ఇద్దరి మధ్య, ఎంతవరకు అన్నది వచ్చే శనివారానికి పెట్టుకున్నాం. కుర్రాడిని కూడా రమ్మన్నాను. వేట లేకపోతే వస్తానన్నాడు.