ఉయ్యాలలోనికి రావలసిన పేర్లు

చిరంజీవి సౌభాగ్యవతియైన మనుమరాలికి తాతయ్య ఆశీర్వదించి వ్రాయునది.

పాపకు నామకరణము పదునొకండవనాడు జరుగక ఇరువదియొకటవ నాటికి వాయిదా పడినదనియు, పేర్ల పట్టిక యింకను తెమలలేదనియు, పాతకాలపు పేరొకటి సూచింపవలసినదనియు నీవు వ్రాసిన యుత్తరము చదివి మిక్కిలి సంతసించితిని. “పాతదే కావలెను గాని మఱీ పాతది కారాదు” అని కడపట నీవు చేర్చిన వాక్యము చూచి నవ్వుకొంటిని.

ఆడపిల్ల పేరు పలుకుటకు సుఖమై, పరుషము గాక, అర్థము స్పష్టమై, మనోహరమై, దీర్ఘాక్షరముతో ముగియవలెనని మనుస్మృతి రెండవ అధ్యాయము విధించినది. మంచి మాటయే. కాని మూడవ అధ్యాయమున ఆ గ్రంథమే నక్షత్రముల, వృక్షముల, నదుల, పక్షుల, సర్పముల పేర్లుగల కన్యను వివాహమాడరాదని చెప్పినప్పుడు మన తెలుగుతల్లులు దానిని చెవిని బెట్టినవారు కారు. రోహిణులు, తులసమ్మలు, గోదావరులు, చిలకమ్మలు, నాగమ్మలు అందఱును పెండ్లాడి, పిల్లలను గని, మనుమల నెత్తుకొన్నవారే! శాస్త్రమున నచ్చినదానిని గ్రహించి, నచ్చనిదానిని సద్దుచేయక ప్రక్కకు నెట్టుట మన యిండ్ల స్త్రీలకు వెన్నతో పెట్టిన విద్య. పేరు విషయమున నీవును ఆ విద్యనే అవలంబింపుము.

నేటి పేర్లను నిందించుట నా యుద్దేశము కాదు. అయినను చెవికింపైన రెండక్షరములను ముందు జతపఱచి, పిదప వానికి సంస్కృతమున అర్థము వెదకబోవుట, బొత్తాము దొరకినదని చొక్కా కుట్టించినట్లున్నది. పూర్వము పేరు వినినంతనే మనిషి వెనుకనున్న ఊరు కనబడెడిది. జోగులాంబ యనిన అలంపురము, మాణిక్యాంబ యనిన దక్షారామము, జ్ఞానప్రసూన యనిన శ్రీకాళహస్తి, పైడితల్లి యనిన విజయనగరము తలపునకు వచ్చెడివి. నూకరత్నమను పిల్ల అనకాపల్లి నూకాంబిక చలువవలన పుట్టినదని వేఱుగ చెప్పనక్కఱ లేకుండెడిది. అలివేలు, తాయారు, ఆండాళ్ళు అను పేర్లు పిలిచినప్పుడెల్ల తులసితీర్థపు వాసన వేయునట్లు నాకిప్పటికిని తోచును. నేను వైష్ణవుల యింట పుట్టకున్నను.

సూర్యకాంతము సంగతి విడిగా చెప్పవలెను. సూర్యకిరణము సోకినంతనే నిప్పు గ్రక్కునని కవులు వర్ణించిన రత్నమది. అట్టి రత్నము పేరు ధరించి 1924లో కాకినాడ ప్రాంతమున పుట్టిన మహానటి, గయ్యాళి అత్త పాత్రలలో అంతటి నేర్పు చూపినందున, ‘గుండమ్మకథ’ చూచిన తరమువారు తమ బిడ్డల కాపేరు పెట్టుటకు జంకిరి. ఇంటినుండి వంటకములు తెచ్చి తోటి నటీనటులకు కొసరి కొసరి తినిపించెడి ఇల్లాలని చిత్రసీమ యంతయు చెప్పుకొన్నను ఆ పేరునకు మఱల మన్నన కలుగలేదు. ప్రతిభ యొక పేరును బలిగొనుట లోకమున మఱెచ్చటనైన జరిగినదేమో నాకు తెలియదు. నీకు ధైర్యమున్నయెడల ఆ రత్నమును మరల వెలికిదీయుము.

ఇంకొక మాట కొంచెము చేదుగా నుండును. మల్లమ్మ, పోలమ్మ, ఎల్లమ్మ, ఐలమ్మ మొదలగు పేర్లు మొరటువని మనకెవ్వరు నేర్పిరి? ఆ పేర్లవారు మన పొలములలో నాట్లు వేసిరి, మన వాకిళ్ళు ఊడ్చిరి. వారి చాకిరిని తక్కువచేసిన కన్నుతోనే వారి పేరునుగూడ తక్కువచేసితిమి. పాలకుర్తిలో దొర గడీకి ఎదురునిలిచి తన పంటను దక్కించుకొన్న ఐలమ్మ పేరు నేడు హైదరాబాదున మహిళా విశ్వవిద్యాలయమునకు పెట్టిరి. తరిగొండ వెంగమాంబ పేరిట వెలసిన తిరుమల అన్నప్రసాదశాలలో దినదినమును వేలమంది పంక్తిని గూర్చుండి భుజించుచున్నారు. ఇంతటి గౌరవము పొందిన ఈ పేర్లను ఉయ్యాలలోని బిడ్డకు పెట్టుటకు మాత్రము మన చేతులు వణకుచున్నవి! రుద్రమ యన్న పేరును చలనచిత్రములు కొంత బ్రతికించినవి గాని, బయ్యారమున చెరువు త్రవ్వించి శాసనము వేయించిన ఆమె మేనత్త మైలాంబ పేరు బడిపిల్లల హాజరుపట్టీలో ఎచ్చటను కానరాదు. ఆడవారి చరిత్రములను కూర్చి ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ వెలయించి, తెలుగు కథ తొలి అడుగులు వేయునాడు దానికి చేయూతనిచ్చి, ముప్పది యేండ్ల ప్రాయముననే 1905లో గతించిన భండారు అచ్చమాంబ పేరునకును ఆ గతియే పట్టినది.

పాతపేర్ల నన్నిటిని లేపుమని నేననను. పెంటమ్మ, తవిటమ్మ వంటివి వలదు. పుట్టిన బిడ్డలు దక్కని కాలమున, మృత్యువు కన్నుగప్పుటకై బిడ్డను పెంటకుప్పపై దొర్లించియు, పొరుగువారికి గుప్పెడు తవుటికి అమ్మినట్లు నటించి తిరిగి కొనుక్కొనియు భయపడిన తల్లులు పెట్టిన పేర్లవి. వానిని పరిహసింపకుము, ఆ భయము నీ పాప వఱకు రానందుకు మాత్రము దేవునికి దండము పెట్టుకొనుము.

నన్నడిగితివి గనుక చెప్పుచున్నాను: నా యోటు మొల్లకు. రెండక్షరముల పేరు, తెల్లని పువ్వు పేరు, రామాయణమును తెనిగించిన కుమ్మరింటి ఆడుపడుచు పేరు. పలుకుటకు పరదేశీయునికిని కష్టము లేదు. మనువు కోరిన దీర్ఘాక్షరము చివర లేకపోయిన నేమి? అయితే ఏ పేరు పెట్టినను పళ్ళెరములోని బియ్యముపై ఉంగరముతో వ్రాసినదే జనన ధ్రువపత్రమునను వ్రాయింపుము. ఆ పేరుతోనే నోరారా పిలువుము. జాతకమున నొకటి, బడిలో నొకటి, ఇంట చిట్టియో బుజ్జియో మఱియొకటి అయినచో పెట్టిన పేరు కాగితముననే మిగులును. అది ఎవరి పేరో, ఆమె యేమి చేసినదో బిడ్డకు మాటలు వచ్చిననాడే చెప్పుము. బడిలో తోటివారు నవ్వినప్పుడు బదులు చెప్పుకొనుటకు పనికివచ్చును.

మీ బామ్మ పేరు పెట్టవలెనని మీ అమ్మ పట్టుబట్టుచున్నదని వ్రాసితివి. నా మీది ప్రీతిచేత ఆ పని చేయవలదు. మీ బామ్మకు తన పేరు ఎన్నడును నచ్చలేదు. సంతకమునకు సైతము పొడి అక్షరములే వాడెడిది.

ఇట్లు,
తాతయ్య