అభిమాని, అభిమానవతి

నాన్న రిటైరై మెట్టుగూడ రైల్వే క్వార్టర్ ఖాళీ చేస్తున్నప్పుడు పాత పేపర్లవాణ్ణి పిలిచింది నేనే. అది 2009 ఎండాకాలం. అన్నయ్య అప్పటికే ఉద్యోగానికి చెన్నై వెళ్లిపోయాడు. అటక మీదున్న తన కామిక్స్ పెట్టె జాగ్రత్త అని ఫోన్లో పదిసార్లు చెప్పాడు. ఒక్కో పుస్తకానికీ ప్లాస్టిక్ కవరు తొడిగి, నంబర్ల ప్రకారం పేర్చుకున్న పెట్టె అది. దాన్ని పాత దుప్పట్లో చుట్టి, తాడు కట్టి కొత్తింటికి పంపించాను. ఆ పెట్టె పక్కనే అమ్మ కట్టలు నాలుగు ఉన్నాయి. పెళ్లికి ముందు మానుకోటలో ఉన్నప్పుడు నెలనెలా చందమామలోంచి సీరియల్ పేజీలు తీసి, వరసగా పెట్టి, దారంతో కుట్టుకున్న పుస్తకాలవి. అట్టల మీద అమ్మ చేతిరాత. అంచులు పొడిపొడిగా రాలిపోతున్నాయి. వాటిని తూకానికి వేసేశాను.

అప్పుడు నాకు పందొమ్మిదేళ్లు. అన్నయ్యది 'కలెక్షన్' అనీ, అమ్మది చెత్త అనీ నాకెవరూ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం ఎవరికీ రాలేదు. ఏది దాచాలో ఏది పారెయ్యాలో నా చేతులకు ముందే తెలుసు.

ఈ సంగతి మళ్లీ నన్ను పట్టుకోవడానికి కారణం ఒక హాస్యచిత్రం. సాహిత్యం సినిమాగా మారడం గురించి పాఠం చెప్పడానికి వెతుకుతుంటే 2004లో వచ్చిన 'కామిక్ బుక్: ది మూవీ' దొరికింది. నిజమైన డాక్యుమెంటరీలా కనిపిస్తూ కల్పిత కథ చెప్పే ఇలాంటి వాటిని మాక్యుమెంటరీలంటారు. దర్శకుడూ ముఖ్యపాత్రధారీ మార్క్ హామిల్. 'స్టార్ వార్స్'లో ల్యూక్ స్కైవాకర్‌గా నటించి, జీవితమంతా అభిమానుల మధ్య గడిపిన మనిషి ఈ సినిమాలో తానే అభిమాని వేషం కట్టాడు. డొనాల్డ్ స్వాన్ అనే బడిపంతులు. కామిక్ పుస్తకాల దుకాణం కూడా నడుపుతుంటాడు. తను చిన్నప్పటినుంచి ఆరాధించే పాత హీరోని హాలీవుడ్ వాళ్లు సినిమాగా తీస్తున్నారనీ, కాలానికి తగ్గట్టు అతన్ని గుర్తుపట్టలేనంతగా మార్చేస్తున్నారనీ తెలిసి విలవిల్లాడిపోతాడు. ఎలాగైనా మూలాన్ని కాపాడాలని బయల్దేరతాడు. చాలా భాగం 2002లో శాన్ డియేగో కామిక్-కాన్‌లో, అసలైన జనం మధ్య తీశారు. స్టాన్ లీ లాంటివాళ్లు తమలాగే కనిపిస్తారు.

చూస్తూ బాగా నవ్వాను. స్వాన్‌లో అన్నయ్య కనిపించాడు. మధ్యలో ఎందుకో నవ్వు ఆగింది. స్వాన్ మీద నవ్వడానికైనా ఒక కెమెరా వచ్చింది కదా అనిపించింది. అమ్మ ప్రతి నెలా పోస్టు కోసం గుమ్మంలో నిలబడి, ముందు తమ్ముళ్లు చదివాక తను చదివి, చివరికి పేజీలు కుట్టుకుని దాచుకుంటే, దాన్ని పిచ్చి అని కూడా ఎవరూ అనలేదు. ఎవరూ చూడనే లేదు.

మన భాషలో 'అభిమానం' అనే మాటకు రెండర్థాలున్నాయి. ఒకటి ఇష్టం, రెండోది ఆత్మగౌరవం. 'అభిమాని' అనగానే మనకు మగవాడు కనిపిస్తాడు. కటౌట్‌కి పాలు పోసేవాడు, మొదటి ఆటకి కాగితాలు ఎగరేసేవాడు. 'అభిమానవతి' అన్నామంటే పూర్తిగా వేరే మనిషి. మాట పడనిది, చెయ్యి చాచనిది. 'అభిమానం చంపుకుని పుట్టింటికొచ్చింది' అంటాం. మగవాడి అభిమానం బయటికి పొంగేది, ఆడదాని అభిమానం లోపల కాపాడుకునేది. తెలుగు సినిమా అభిమాన సంఘాల మీద ఏళ్లతరబడి పరిశోధన చేసిన ఎస్.వి. శ్రీనివాస్, అభిమానుల్లో భక్తి ఒక్కటే ఉండదనీ, ధిక్కారం కూడా ఉంటుందనీ చూపించారు. తను కోరినట్టు హీరో కనిపించకపోతే అభిమాని నిలదీస్తాడు, తనకా హక్కు ఉందనుకుంటాడు. ఆ సంఘాలు దాదాపుగా మగవాళ్లవే. ఇష్టపడినదాన్ని నిలదీసే హక్కు ఒక పాఠకురాలికి ఉందని మనమెప్పుడైనా అనుకున్నామా?

స్వాన్ బాధంతా ఒకే మాట చుట్టూ తిరుగుతుంది: మూలవిధేయత. నా పీహెచ్‌డీలో ఒక అధ్యాయానికి ఆ పేరే పెట్టాను. ఆ మాట ఎక్కణ్ణుంచి వచ్చిందో అప్పుడు ఆలోచించలేదు. అనుసరణల గురించి రాసేటప్పుడు విమర్శకులు వాడే మాటలు చూడండి: ద్రోహం, నమ్మకం చెడగొట్టడం, చెరచడం. రాబర్ట్ స్టామ్ 2000లో ఈ పదజాలాన్నే తప్పుపట్టాడు. అంతకు ముందే 1988లో లోరీ చాంబర్లేన్ అనువాదాల విషయంలో ఇదే చూపించింది. అందమైన అనువాదాలను నమ్మకం తప్పిన అందగత్తెలతో పోల్చడం ఫ్రెంచి వాళ్లకు పదిహేడో శతాబ్దం నుంచీ ఉంది. మూలం మొగుడు, అనువాదం పెళ్లాం. పాతివ్రత్యం ఎప్పుడూ రెండోవాళ్ల బాధ్యతే. సాహిత్య సిద్ధాంతంగా మనం చదువుకున్న దాంట్లో ఎంత కాపురం దాగుందో!

మన తెలుగువాళ్లకు ఈ పట్టింపు తక్కువేనని నేను సంతోషపడేదాన్ని. 1978లో హాలీవుడ్ 'సూపర్‌మాన్' వచ్చింది. రెండేళ్లలో, 1980లో, వి. మధుసూదనరావు దర్శకత్వంలో ఎన్.టి. రామారావు తెలుగు 'సూపర్‌మాన్' అయ్యారు. మన సూపర్‌మాన్‌కి క్రిప్టాన్ గ్రహంతో పనిలేదు. హనుమంతుడి వరంతో శక్తులొచ్చాయి. స్వాన్ చూస్తే గుండె ఆగి చస్తాడు. నాకైతే అందులో ఒక స్వేచ్ఛ కనిపించేది. పరాయి కథని తెచ్చుకుని, మన దేవుడితో ముడివేసి, మొహమాటం లేకుండా మనది చేసుకోవడం.

2024 సంక్రాంతికి ఇంటిల్లిపాదీ 'హనుమాన్' చూశాం. దాంట్లో విలన్ మైకేల్ చిన్నప్పటినుంచీ సూపర్‌హీరోల అభిమాని. హీరోలందరికీ తల్లిదండ్రులు ఉండరని గమనించి, తనూ హీరో కావాలని తల్లిదండ్రుల్ని చంపేస్తాడు. మూలవిధేయతని ఇంతకన్నా భయంకరంగా చూపించలేరేమో అనుకున్నాను. అదే సినిమాలో హీరో అక్క అంజమ్మగా వరలక్ష్మి శరత్‌కుమార్ కొట్లాటలోనూ వెనక్కి తగ్గదు. కానీ అంజమ్మ చనిపోతుంది. తమ్ముడి కోపానికీ కథ ముగింపుకీ ఆ చావు కావాలి. బయటికొస్తుంటే ఏడేళ్ల మా మేనకోడలు అడిగింది. "అత్తా, అక్కనెందుకు చంపేశారు?"

ఈ ప్రశ్న పాతదే. 1994లో ఒక 'గ్రీన్ లాంటర్న్' కామిక్‌లో హీరో ప్రియురాలిని చంపి ఫ్రిజ్‌లో కుక్కుతారు. అది గుర్తుపెట్టుకున్న గేల్ సిమోన్ 1999లో, హీరో కథ ముందుకు నడవడం కోసం చచ్చిపోయిన, దెబ్బతిన్న ఆడపాత్రల జాబితా తయారుచేసింది. అప్పటికామె ఒక పాఠకురాలు, అభిమాని. తర్వాత తనే కామిక్స్ రచయిత్రి అయింది. ఆ జాబితా ముందు పెట్టుకుని చూస్తే నా సంతోషం కాస్త తగ్గింది. మనవాళ్లు గ్రహం మార్చారు, దేవుణ్ణి మార్చారు, ఊరూ యాసా మార్చారు. ఆడమనిషి నిలబడే చోటు దగ్గరకొచ్చేసరికి మాత్రం మూలానికి ఎంతో విధేయంగా ఉన్నారు.

అసలు మూలం అంటే ఏది? సూపర్‌మాన్‌ని సృష్టించిన జెర్రీ సీగెల్, జో షూస్టర్ 1938లో 130 డాలర్లకు హక్కులు అమ్ముకున్నారు. కోట్లు కంపెనీకి పోయాయి. 1975లో గొడవ బయటపడ్డాక మనిషికి ఏడాదికి ఇరవై వేల డాలర్ల భత్యం, పేర్లు వేస్తామన్న హామీ దక్కాయి. లోయిస్ లేన్ బొమ్మ గీయడానికి షూస్టర్ ముందు మోడల్‌గా నిలబడిన అమ్మాయి జొవాన్. తర్వాత సీగెల్‌ని పెళ్లి చేసుకుంది. భర్త పోయాక కూడా ఆ హక్కుల కోసం 2011లో తను చనిపోయేదాకా పోరాడింది. మూలం మూలం అని కన్నీళ్లు పెట్టుకునే అభిమానుల్లో ఎంతమందికి ఆమె పేరు తెలుసు? మన దగ్గరా అంతే. అమ్మ ప్రాణంగా చదివిన చందమామ సీరియల్స్‌లో చాలావాటిని రాసింది దాసరి సుబ్రహ్మణ్యం. ఏళ్లతరబడి వాటిమీద ఆయన పేరు ఉండేది కాదు.

సినిమా చూసొచ్చిన రాత్రి పిల్లకి నిద్రపట్టలేదు. అమ్మ పక్కన పడుకోబెట్టుకుని కథ మొదలుపెట్టింది. రాకుమారిని రాక్షసుడు ఎత్తుకుపోయే కథ. నా చిన్నప్పుడు ఆ కట్టల్లోంచి అమ్మే చదివి వినిపించింది. రాకుమారుడు ఏడు వాకిళ్లు దాటి వెళ్లి ఆమెను విడిపించాలి. అమ్మ చెబుతున్న కథలో రాకుమారుడు నాలుగో వాకిలి దగ్గరే ఉన్నాడు. ఈలోగా రాకుమారి రాక్షసుడి వంటమనిషితో స్నేహం చేసుకుని, తాళాలెక్కడుంటాయో కనుక్కుని, ఇద్దరూ కలిసి బయటపడ్డారు. దారిలో రాకుమారుడు ఎదురైతే "నీ గుర్రం కాస్త ఇవ్వు, ఈమెను వాళ్లూళ్లో దింపి రావాలి" అంది.

నేను ఉండబట్టలేక అన్నాను. "అమ్మా, అది అలా లేదు కదా!"

"లేకపోతే ఏం? అంతసేపు ఆ పిల్ల కోటలో కూర్చుని ఏం చేస్తుంది?" అంది అమ్మ. "నువ్వు చదివినప్పుడు అలా లేదుగా" అని నేనింకా ఏదో అనబోతే మేనకోడలు నా నోటిమీద చెయ్యి పెట్టింది.

సిద్ధాంతాలు చదివి, విధేయత అనే మాటలో మొగుడూ పెళ్లాల్ని వెతికి పట్టుకున్న నేను, ఇంట్లో డొనాల్డ్ స్వాన్‌ని అయిపోయాను. నవ్వొచ్చింది. కాస్త సిగ్గేసింది కూడా. అమ్మ ఆ కథల్ని నాకన్నా ఎక్కువగా ప్రేమించింది. వాటిని మార్చుకునే చనువు ఆ ప్రేమలోంచే వచ్చింది. తనకు చోటులేని కథలో తన అభిమానం చంపుకోకుండా అభిమానిగా ఉండటం ఎలాగో అమ్మకు తెలుసు. అభిమానికీ అభిమానవతికీ మధ్య మనం పెట్టిన గోడ ఆ రాత్రి ఆ మంచం మీద లేదు.

ఇక్కడితో ఆపేస్తే బావుండేది. మూలం పోతే పోయింది, మార్చుకుని చెప్పడమే స్త్రీల దారి అని ముగించవచ్చు. కానీ ఈ మాట అనగానే నాకు బెంగళూరు నాగరత్నమ్మ గుర్తొస్తుంది. పద్దెనిమిదో శతాబ్దంలో ముద్దుపళని రాసిన 'రాధికా సాంత్వనము' ఆమెకు ప్రాణం. తనకు దొరికిన అచ్చుప్రతిలో పద్యాలు ఎగిరిపోయాయనీ, ముద్దుపళని తన గురించి, తన ఇంటి ఆడవాళ్ల గురించి చెప్పుకున్న పీఠిక లేదనీ గమనించింది. రాతప్రతి సంపాదించింది. పక్కన పెట్టుకుని సరిచూసి, 1910లో పూర్తి పాఠాన్ని వావిళ్లవారి చేత అచ్చువేయించింది. వీరేశలింగంగారంతటివారు బూతన్నా వెనక్కి తగ్గలేదు. 1911లో ప్రభుత్వం ప్రతుల్ని జప్తు చేసింది. దశాబ్దాల తర్వాత గానీ నిషేధం పోలేదు. సూసీ తారు, కె. లలిత 1991లో ఈ చరిత్రని మళ్లీ మన ముందుకు తెచ్చారు.

నాగరత్నమ్మ అడిగింది మూలవిధేయతే. ఒక్క పద్యం కూడా పోకూడదంది. స్వాన్ పట్టుదలకీ ఆమె పట్టుదలకీ తేడా ఏమిటి? స్వాన్ కాపాడాలనుకున్న హీరోకి మొదట్నుంచీ అచ్చూ అటకా ఉన్నాయి. ముద్దుపళనికి లేవు. ఒకచోట మార్చడం న్యాయం, ఇంకోచోట మార్చకపోవడం న్యాయం. విధేయతని గుణంగానో దోషంగానో ముందే తేల్చుకుని కూర్చుంటే లాభం లేదు. ఈ మార్పులో ఎవరు కనబడకుండా పోయారు, ఎవరికి చోటు దొరికింది అని ప్రతిసారీ అడగాల్సిందే. హాలీవుడ్ కంపెనీ మార్చడం, అమ్మ మార్చడం ఒకటి కాకపోవడానికి కారణం అదే. కంపెనీ కాపీరైటు తన దగ్గర పెట్టుకుని మారుస్తుంది. అమ్మకు చివరికి తన కట్టలు కూడా మిగల్లేదు.

నాగరత్నమ్మ సరిచూడగలిగిందంటే ఎవరో ఎక్కడో ఒక రాతప్రతి దాచి ఉంచడం వల్లే. చందమామ సంచికలు గ్రంథాలయాల్లో దొరుకుతాయి. అమ్మ ఏ నెల పేజీ దొరక్క చేత్తో రాసుకుని అతికించిందో, ఏ బొమ్మ పక్కన పెన్సిలుతో ఏం గీసుకుందో ఇక దొరకదు. రాకుమారి తాళాలు కనుక్కోవడం అమ్మ మనవరాలి కోసం అప్పటికప్పుడు అల్లిందా, పదహారేళ్లప్పుడే ఆ అంచుల్లో రాసుకుందా? సరిచూడటానికి నా దగ్గర మూలం లేదు. దాన్ని నేనే తూకానికి వేశాను.

అన్నయ్య పెట్టె ఇప్పటికీ మారేడ్‌పల్లి ఇంట్లో అటక మీద ఉంది. అన్నయ్య మీద నాకేం కోపం లేదు. అతను తన ఇష్టానికి విలువిచ్చుకున్నాడు, మేమూ ఇచ్చాం. కట్టలు సామాను సర్దడంలో ఎక్కడో పోయాయని అమ్మ అనుకుంటోంది. "కాగితాలేగా, కథలు పోలేదులే" అని ఒకసారి అంది. ఆ మాటని ఇన్నాళ్లూ క్షమాపణలా వాడుకున్నాను. నేనేం చేశానో తెలియని మనిషి నన్ను క్షమించిందనుకోవడం ఎంత సుఖమో!

ఇది అచ్చయ్యాక అమ్మకు చదివి వినిపిస్తాను. కళ్లజోడు పెట్టుకున్నా చిన్న అక్షరాలు ఆనడం లేదంటోంది. మధ్యలో ఆపి, "అది అలా జరగలేదు" అంటుందేమో. అంటే రాసుకోవడానికి పక్కన పెన్సిలు పెట్టుకుంటాను.