కొలతలోని భేదము

ఒక దర్జీ తన ఇంటి మనిషి కొలతతోనే ఊరందరికిని చొక్కాలు కుట్టెననుకొందము. వచ్చినవారి నెవ్వరిని అతడు త్రోసివేయలేదు, కులమడుగలేదు, కూలి ఎక్కువ కోరలేదు. ఐనను కొందరికి చేతులు పట్టవు. అతని మనస్సున ద్వేషము లేదు గాని, చేతిలోని కొలతలో పక్షపాతము కలదు. చొక్కా పట్టనిచో తొడిగినవానికి వెంటనే తెలియును. వైద్యశాలలో కొలత తప్పినచో రోగికి తెలియదు. చూచుచున్న వైద్యునికిని తెలియదు.

పల్స్ ఆక్సిమీటరు విషయమున జరిగినది ఇదియే. వేలికొసకు తగిలించినంతనే రక్తములో ప్రాణవాయువు నూటికెంత పాలు నిండియున్నదో ఆ చిన్న యంత్రము చూపును. దీని మూలసూత్రమును 1974లో జపాను దేశీయుడైన తకువో అయోయాగి వెల్లడించెను. ఎఱ్ఱని కాంతిని, కంటికి కానరాని పరారుణ కాంతిని వేలిగుండ పంపి, రక్తము దేనినెంత పీల్చుకొనెనో యంత్రము లెక్కించును. సూది లేదు, నొప్పి లేదు. మిక్కిలి ఉపకారి యనుటలో సందేహము లేదు. అయితే చర్మమునకు నలుపునిచ్చు మెలనిన్ కూడ కాంతిని పీల్చుకొనును. యంత్రమునకు అంకెలు నేర్పుటకై కూర్చుండబెట్టిన ఆరోగ్యవంతులలో అధికులు తెల్లని చర్మము గలవారు.

నల్లవారి వేళ్లపై ఈ అంకె తప్పుచున్నదని 1990లోనే అమెరికా వైద్యులు వ్రాసిరి. ముప్పదియేండ్లు ఆ మాట గ్రంథాలయములలో నిద్రించెను. 2020 డిసెంబరులో మిచిగన్ విశ్వవిద్యాలయ వైద్యులు యంత్రపు అంకెలను ధమని రక్తపరీక్షలతో సరిపోల్చి ప్రకటించిరి. యంత్రము 92 నుండి 96 వరకు చూపిన సందర్భములలో, ప్రాణవాయువు నిజముగా 88కి దిగువనున్నవి తెల్లవారి విషయమున నూటికి 3.6, నల్లవారి విషయమున 11.7. మూడు రెట్లకు మించిన భేదము! ఊపిరాడక తల్లడిల్లువానిని పట్టుకొని యంత్రము క్షేమమనుచున్నది. అంకె బాగున్నదను నమ్మకముచే వారికి చికిత్స ఆలస్యమైనదని తరువాతి పరిశీలనలు తెలిపినవి.

ఇది అమెరికావారి గొడవయని తలచుటకు వీలులేదు. 2021 వేసవిలో తెలుగునాట ఎన్ని కుటుంబములు 94 అను అంకె కోసము ఊపిరి బిగబట్టి వేలివైపు చూచినవో మరువరానిది. ఆ వేళ్లలో చామనచాయవెన్ని, ఎండకు మాడి నల్లబడినవెన్ని!

శరణులలో వైద్య సంగణ్ణ వైద్యమునే కాయకముగా గైకొనెను. కాయకము శుద్ధము కావలెనన్నచో మనస్సొక్కటి శుద్ధమైన చాలదు, పనిముట్టును శుద్ధము కావలెను. కళ్యాణమున బసవేశ్వరుడు పుట్టుకనుబట్టి మనుష్యుని కొలుచు కొలతనే ప్రశ్నించెను. హరళయ్య కుమారునికి మధువరసు కుమార్తెనిచ్చిన వివాహము వలన రేగిన కల్లోలము ఎరుగని లింగాయతుడుండడు. నాటి భేదము కేకలు వేయుచు వచ్చినది. ఇది అంకె రూపమున నిశ్శబ్దముగా వచ్చును. గుర్తించుట దీనినే కష్టము. ఇష్టలింగము ఏ ఱొమ్ముపై నున్నను ఒక్కటే గదా, ఆ ఱొమ్ములోని ఊపిరికి మాత్రము వేరు లెక్క యేల?

సవరణ ఆలస్యముగానైనను మొదలైనది. 2021 ఫిబ్రవరిలో అమెరికా ఆహార ఔషధ సంస్థ ప్రజలను హెచ్చరించినది. 2025 జనవరిలో వెలువరించిన ముసాయిదాలో, వైద్యశాలలకొరకు చేయు యంత్రములను వివిధ ఛాయలు గల 150 మందికి తక్కువ కాకుండ పరీక్షింపవలెనని సూచించినది.

యంత్రమును పారవేయ నక్కరలేదు. ఒకసారి చూపిన అంకెనుగాక, అది గంటగంటకు దిగుచున్నదా యని చూడవలెను. నల్లని చర్మముపై పెదవుల నీలిమ తేలికగా కానరాదు. కావున ఆయాసము, ఛాతి నొప్పి, మతి తడబాటు కనిపించినచో అంకె ఎంత చక్కగానున్నను వైద్యుని యొద్దకు కొనిపోవలెను.

మఠముల ధర్మవైద్యశాలలకు ఇట్టి యంత్రములను సమర్పించు భక్తులు కలరు. కొనునపుడు వెల యడుగుదురు, పూచీ యడుగుదురు. ఏ ఛాయ గల వేళ్లపై దీనిని పరీక్షించిరో కూడ అడుగవచ్చును. బదులీయలేని దుకాణమునకు ప్రక్కనే మరియొక దుకాణముండును.